ట్యాంకు విప్పకుండా చెప్పిన మాట

మద్దిలపాలెంలో మా షెడ్డుకి వచ్చేవాళ్ళు రెండు రకాలు. తమ బండి పాడై బాగుచేయించుకోవడానికి వచ్చేవాళ్ళు కొందరు. ఇంకా తమది కాని బండిని తోసుకొచ్చి, "మేస్త్రీ, దీన్ని కొనొచ్చా?" అని అడిగేవాళ్ళు మిగతావాళ్ళు. బాగుచేయడం ఎవరైనా నేర్పుతారు. రెండోదాన్ని ఎవరూ ఒక పనిగా లెక్కపెట్టరు. దానికి కూలి కూడా పెద్దగా ఉండదు, ఒక టీ ఇప్పించి వెళ్ళిపోతారు. కానీ నా మొత్తం వృత్తిలో నన్ను నిజంగా పరీక్షించింది ఆ పనే. అందులో ఒకసారి ఘోరంగా తప్పాను. కొత్తగా స్పానర్ పట్టిన మీరు నా గురించి వినాల్సింది ఆ సంగతే కాబట్టి, మిగతావి వదిలేసి దాన్నే రాస్తున్నాను.

అప్పలనాయుడు మేస్త్రి

డెబ్బైల మొదట్లో నేను చేరేనాటికి షెడ్డు అప్పలనాయుడు మేస్త్రిది. సింహాచలం దగ్గర పల్లెలో వ్యవసాయ కుటుంబం వాళ్ళది. పొలం అన్నదమ్ములకి వదిలేసి ఇంజన్ల పనిలోకి వచ్చాడు. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు, చైనుకీ, దాన్ని తిప్పే పళ్ళచక్రం స్పాకెట్‌కీ మధ్య పడి పోయాయి. మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మ్యాన్. మా చర్చిలో పాస్టరు గారి స్కూటరు మేస్త్రి బాగుచేసిన పరిచయంతో నన్ను ఆయన దగ్గర పెట్టాడు. పేరు దానియేలు అని చెబితే, "దానేలు అంటాను, పలుకుతావేట్రా?" అన్నాడు మేస్త్రి. ఇరవై ఏళ్ళు అలాగే పిలిచాడు.

ఆయన మంచి మాట ఆడే మనిషి కాదు. మెచ్చుకున్నది నేనెప్పుడూ వినలేదు. రెండో ఏడు అనుకుంటాను, ఆయన లేనప్పుడు ఒక టీచరు గారు సెకండ్‌హ్యాండు బండి చూపించడానికి వచ్చారు. అమ్మేవాడు కూడా వెంట ఉన్నాడు. ఒక్క కిక్కుకే స్టార్టయింది. మోత గుండ్రంగా ఉంది. నేను రెండు నిమిషాలు విని, "బంగారంలాగుంది, తీసుకోండి" అన్నాను. అంతలో మేస్త్రి వచ్చాడు. నేరుగా వెళ్ళి ఇంజను మీద అరచెయ్యి పెట్టాడు.

"ఎక్కడ్నుంచి తెచ్చినారు?"

"పక్క వీధే. తోసుకొచ్చినాం" అన్నాడు అమ్మేవాడు.

"తోసుకొత్తే ఇంజను కాల్తాదేటి?"

అమ్మేవాడు నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు. తడిగోనె తెచ్చి ఇంజను మీద కప్పించి, గంటసేపు బీడీలు కాల్చుకుంటూ కూర్చున్నాడు. బాగా చల్లారాక కిక్కు కొట్టమన్నాడు. అమ్మేవాడి కాలు నొప్పెట్టిందేగానీ బండి కదలలేదు. పిస్టన్ ఆడే బోరు అరిగిపోయిన టూ-స్ట్రోక్ ఇంజను వేడి మీద పలుకుతుంది, చల్లగా ఉంటే పలకదు. ముందే వేడిచేసి తెచ్చారు.

వాళ్ళు వెళ్ళాక నాతో అన్నాడు. "నీకు తెలీకపోతే తెల్దని సెప్పు. సూడకపోతే సూడ్నేదని సెప్పు. అందులో సిగ్గేటీ నేదు. సూడకండా సూసినట్టు సెప్పీసినావు, సూడు..." చేతిలో స్పానర్ పెట్టెలో విసిరేశాడు. ఆ చప్పుడుకి నేను ఉలిక్కిపడ్డాను. మాట మాత్రం తలకెక్కలేదు.

కొండకెళ్ళే బండి

ఆ రోజుల్లో మా ఊళ్ళో కొండబండి కావాలని అడిగేవాళ్ళు సరదాకి అడిగేవాళ్ళు కాదు. నేవీలో కుర్రాళ్ళు నలుగురైదుగురు ఆదివారాలు అడివివరం వెనక కొండల్లో తిరిగేవారు, వాళ్ళ సంగతి వేరు. మిగతావాళ్ళంతా పని ఉన్నవాళ్ళే. ఏజెన్సీలో సర్వే మనుషులు, అడవి గార్డులు, అనంతగిరి పైన తోటలు చూసేవాళ్ళు. కొండదారుల కోసం తయారుచేసిన బళ్ళు మన దేశంలో దొరికేవి కావు. రోడ్డు కోసం చేసిన బండినే, అదీ ఇద్దరు ముగ్గురు వాడి వదిలేసినదాన్ని, కొండకి పనికొచ్చేలా చూసి తీసుకోవాలి. జేబుకి అందేది అదొక్కటే.

ఎలా చూడాలో చెబుతాను. బరువు తక్కువదై ఉండాలి, గెడ్డలో, అంటే కొండవాగులో, పడితే ఒక్కడే లేపుకోగలగాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు కిక్కు మీద చేత్తో అదిమి చూడాలి. గట్టిగా ఎదురు తన్నితే పిస్టనూ బోరూ బాగున్నట్టు. మెత్తగా దిగిపోతే ఇంక ఎంత రంగు వేసినా దండగ. ప్లగ్గు విప్పి రంగు చూడాలి. మొదటి గేరులో ఏటవాలు ఎక్కించి చూడాలి, క్లచ్ జారితే అక్కడే తెలుస్తుంది. ముందు చక్రాన్ని రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని హ్యాండిల్ కదిలించాలి. చక్రం పుల్లలు ఒక్కొక్కటీ వేలితో మీటాలి.

మా ఊరికి రెండు ప్రత్యేకమైన జబ్బులు ఉన్నాయి. హార్బరు పక్క తిరిగిన బండి అయితే ఖనిజం దుమ్ము ఎయిర్ ఫిల్టర్ దాటి లోపలికి పోయి బోరుని గీరేస్తుంది. సముద్రం పక్క ఇంట్లో నిలబెట్టిన బండి అయితే ఉప్పుగాలికి ఫ్రేము గొట్టాలు లోపల్నుంచి తుప్పు పడతాయి. పైన రంగు నిగనిగలాడుతుంటుంది, లోపల మట్టి. అందుకే మేస్త్రి సముద్రానికి దూరమైన అనకాపల్లి బండి అంటే సరేననేవాడు, హార్బరు బండి అంటే మొహం ముడుచుకునేవాడు. ఏ బండినైనా ట్యాంకు విప్పి, హ్యాండిల్ మెడ దగ్గర ఫ్రేముని గుడ్డతో తుడిచి చూడకుండా మాట ఇచ్చేవాడు కాదు. కొండదారిలో దెబ్బంతా అక్కడే పడుతుంది. ట్యాంకు ఉండగా ఆ చోటు కంటికి కనపడదు.

ఇంకొక సంగతి, కొన్నవాడికి చెప్పాల్సింది. టూ-స్ట్రోక్ బండికి ఆయిలు పెట్రోల్లోనే కలిపి పోస్తాం. కొండ దిగేటప్పుడు గేసు, అంటే యాక్సిలరేటరు, పూర్తిగా కట్టేసి గేరు మీద వదిలేస్తే ఇంజన్లోకి పెట్రోలు పోదు, దాంతోపాటు ఆయిలూ పోదు. పిస్టన్ పట్టేస్తుంది, వెనక చక్రం బిగుసుకుపోతుంది. అందుకని దిగేటప్పుడు మధ్యమధ్యలో కొంచెం గేసు ఇస్తూ ఉండాలి. బండి కొన్న ప్రతివాడికీ ఈ మాట రెండుసార్లు చెప్పేవాడిని. తర్వాత జరిగినదాంట్లో ఈ మాట కూడా ఉంది.

సింహాద్రి

ఎనభైలు వచ్చేసరికి మేస్త్రి చూపు తగ్గి ఇంటి దగ్గర ఉండిపోయాడు. షెడ్డు నేను నడుపుతున్నాను. స్టీలు ప్లాంటు పనులు జోరుగా సాగుతున్న రోజులు. ఎక్కడెక్కడివాళ్ళో ఊళ్ళోకి వచ్చారు, పాతబళ్ళ బేరాలు పెరిగాయి. దానియేలు చూశాడంటే ఇంక చూడక్కర్లేదని జనం అనడం మొదలుపెట్టారు. ఆ మాట నాకు బాగుండేది.

అప్పుడు వచ్చాడు సింహాద్రి. చోడవరం దగ్గర పల్లె. పాతికేళ్ళు దాటి ఒకటో రెండో ఉంటాయి. మలేరియా పనిలో ఉండేవాడు. కొండ మీద గూడేలు తిరిగి, జ్వరం వచ్చినవాళ్ళ వేలు గుచ్చి రక్తం గాజుపలక మీద పూసి కిందకి తెస్తాడు. పరీక్షలో జబ్బు తేలితే మళ్ళీ ఎక్కి మందు ఇస్తాడు. అంతా నడకే. నన్ను మొదటిరోజే బావా అన్నాడు.

"ఒకపాలి పైకెళ్ళి దిగడానికి నాలుగు రోజులు పడతాది బావా. మళ్ళీ మందట్టుకుని ఎల్లేతలికి ఇంకో నాలుగు రోజులు. పోయిన వానల్లో ఒక పాపకి అలగే అయింది. నాను మందు పట్టుకెల్లేతలికి ఆలమ్మ ఇంటిముందు కూకుంది. నన్ను సూసి మందేదీ అని సెయ్యి సాపింది, అంతే. పాప పోయి రెండ్రోజులయింది."

చేతిసంచీ భుజం మార్చుకుని, "బండుంటే ఒక్కరోజులో ఎల్లొచ్చీగలను. నాను కొనగలిగీదేదో నువ్వే సూసి పెట్టు" అన్నాడు.

అతని భార్య నూకరత్నం వెంట వచ్చింది. చంకలో ఏడాది పిల్ల. ఆమెకి బండి ఇష్టం లేదు. "అన్నియ్యా, ఈయన మాటినకు. సైకిలు తొక్కినా పడిపోతాడు" అంది. సింహాద్రి నవ్వి, "అందుకే కదా బావ దగ్గరికొచ్చినాను" అన్నాడు.

ఆ వానరోజు

రెండు నెలలు వెతికాం. అడ్డమైనవి నాలుగు కాదన్నాను. ఐదోది హార్బరులో టగ్గు పడవ మీద పనిచేసే ఒక ఫిట్టరుది. రెండు సైలెన్సర్లు తీసేసి ఒకటి పైకెత్తి కట్టాడు, గెడ్డలో నీళ్ళు పోకుండా. వెనక స్పాకెట్ పెద్దది వేశాడు, ఎక్కుడుకి బలం ఉండేలా. నాకు కావలసిన మార్పులన్నీ ముందే చేసి పెట్టినట్టుంది. అడిగిన ధర కూడా సింహాద్రికి అందేదే.

వాన పడుతోంది. ఫిట్టరుకి షిఫ్టు టైమైంది, గడియారం చూసుకుంటున్నాడు. ఇంజను చల్లగానే ఉంది, చెయ్యి పెట్టి చూశాను. కిక్కు గట్టిగా ఎదురు తన్నింది. ప్లగ్గు మంచి గోధుమరంగులో ఉంది. వానలోనే కొండవాలు ఎక్కించాను, మేకపిల్లలా ఎక్కింది. తిరిగి వచ్చి ట్యాంకు విప్పుదామని చూస్తే పెట్రోలు ఆపే కాక్ బిగుసుకుపోయి తిరగడం లేదు. ట్యాంకు నిండుగా ఉంది. విప్పాలంటే పెట్రోలంతా డబ్బాలోకి వంచాలి. వానలో అదో అరగంట పని.

ఇంజను అంత బాగుండగా ఫ్రేము ఏమవుతుందిలే అనుకున్నాను. హార్బరు బండి అన్న సంగతి గుర్తు రాకపోలేదు. వచ్చింది. దాన్ని పక్కన పెట్టాను. ముందు చక్రం పట్టుకుని నాలుగుసార్లు ఊపాను, చప్పుడు లేదు.

సింహాద్రి షెడ్డు చూరు కింద నిలబడి నా మొహం చూస్తున్నాడు.

"ఏటి బావా?"

"తీసుకో" అన్నాను.

దిగేటప్పుడు గేసు ఇవ్వాలని రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ తల ఊపాడు.

గెడ్డ దగ్గర

మూడు నెలలు బండి బ్రహ్మాండంగా తిరిగింది. ప్లగ్గు మార్చుకోవడానికి ఒకసారి వచ్చి, జ్వరాల కాలం అంతా ఒక్కడే పైన ఏడు గూడేలు తిరిగానని చెప్పాడు. ఈసారి మందు ఆలస్యమై ఎవరూ పోలేదన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది.

దసరా తర్వాత ఒక మధ్యాహ్నం, పైగూడెం నుంచి దిగుతూ గెడ్డ దాటేచోట పడ్డాడు. ముందు చక్రం రాతికి తగిలింది, బండి ముందుభాగం విడిపోయింది, అతను ఎగిరి వెల్లకిలా బండల మీద పడ్డాడు. రాయి తగిలిన దెబ్బకే బండి విరిగిందని అందరూ అనుకున్నారు. గూడెం వాళ్ళు డోలీ కట్టి మోసుకుంటూ మర్నాటికి రోడ్డు మీదకి తెచ్చారు. అక్కణ్నుంచి జీపులో విశాఖ పెద్దాసుపత్రికి. నడుం దగ్గర వెన్నెముక విరిగింది. కింద కాళ్ళు చచ్చుబడ్డాయి. డోలీ మోసినవాళ్ళలో ఒకతను గాజుపలకల పెట్టె కూడా జాగ్రత్తగా తెచ్చి ఆఫీసులో ఇచ్చాడట. ఒక్క పలకా పగల్లేదు. ఎవరెవరికి జబ్బుందో తేలి మందులు పైకి వెళ్ళాయి.

ఆసుపత్రిలో చూడటానికి వెళ్ళాను. నొప్పికి ఇచ్చిన మందు మత్తులో ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి, "బావా, పిస్టన్ పట్టీసినట్టుంది. గేసు ఇవ్వడం మర్సిపోనానేమో" అన్నాడు. నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. "రెండుసార్లు సెప్పినాడు కదా అన్నియ్య" అంది అతనితో.

విరిగిన చోటు

నెల తర్వాత బండిని సింహాద్రి తమ్ముడు లారీ మీద వేసి షెడ్డుకి తెచ్చాడు. ఇంట్లో ఎవరూ దాన్ని చూడలేకపోతున్నారట, ఏమైనా చేసుకోమన్నాడు.

అతను వెళ్ళాక కిక్కు మీద చెయ్యి వేశాను. హాయిగా తిరిగింది. ఇంజను హెడ్డు విప్పాను. పిస్టన్ మీద ఒక్క గీత లేదు. పట్టలేదు.

అప్పుడు మెడ దగ్గర విరిగిన చోటు చూశాను. ఒక గొట్టం విరిగిన అంచులో సగం కొత్తగా, వెండిలా మెరుస్తోంది. మిగతా సగం నల్లటి తుప్పు. ఎన్నాళ్ళనాటిదో ఆ పగులు. దాని మీద ఎవరో గ్యాస్ వెల్డింగుతో ఇత్తడి అతికించి, ఆకురాయితో రాకి, రంగు వేశారు. ట్యాంకు విప్పి గుడ్డతో తుడిస్తే ఆ ఇత్తడి ఉబ్బు చేతికే తగిలేది. చూడక్కర్లేదు కూడా.

నేను షెడ్డు మూసేసి అప్పలనాయుడు మేస్త్రిని రిక్షాలో తీసుకొచ్చాను. ఆయనకి సరిగా కనపడదు. ఉన్న వేళ్ళతో అంచు తడుముకున్నాడు. అటు తిరిగి ఇటు తిరిగి అదేచోటికి వచ్చాడు.

"ట్యాంకిప్పినావా?"

"నేదు."

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. స్టూలు కోసం తడుముకుంటే నేను జరిపాను. దాని మీద కూర్చున్నాడు.

"ఆడికి తెల్సా?"

"పిస్టన్ పట్టిందనుకుంటన్నాడు. తన తప్పనుకుంటన్నాడు."

"అయితే ఎల్లి సెప్పు. రేపు ఎల్లిపో" అన్నాడు. "ఇలాటిది ఆలీసం సేసినకొద్దీ నోట్లో బిగిసిపోద్ది."

నేను రేపు వెళ్ళలేదు. ముందు ఫిట్టరు దగ్గరికి వెళ్ళాను, కోపం మీద. హార్బరు గేటు దగ్గర పట్టుకున్నాను. విరిగిన ముక్క చూపించి నానా మాటలూ అన్నాను. అతను ముక్కని చూసి నిజంగానే తెల్లబోయాడు.

"నాను కొన్నప్పుడే అలగుందేమో. నాకూ ఎవడూ సెప్పనేదు" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "సూడ్డం నీ పని కదా మేస్త్రీ? నీకు సూపించడానికే కదా తెచ్చినాను?" అన్నాడు.

ముక్క పట్టుకుని తిరిగి వచ్చేశాను.

రెండు నెలలు

తర్వాత రెండు నెలలు నేను చేసినదాన్ని ఏ మాటల్లో పెట్టినా ఒకటే, దాక్కున్నాను. పని ఉందన్నాను. ఆదివారం చర్చి ఉందన్నాను. అతను కొంచెం కోలుకున్నాక చెబుదాం, ఇప్పుడు చెబితే కుంగిపోతాడు అని నాకు నేనే చెప్పుకున్నాను. అతని మేలు కోరుతున్నట్టు ఉండేది ఆ ఆలోచన. షెడ్డు పేరు పోతుందన్న భయం దాని కింద ఉంది, ఆ భయాన్ని నేను బయటికి తీసి చూసుకోలేదు. ఈ మధ్యలో కూడా జనం పాతబళ్ళు చూపించడానికి వస్తూనే ఉన్నారు. నేను చూసి చెబుతూనే ఉన్నాను.

సింహాద్రిని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారని తెలిసింది. ఇంక చేసేదేం లేదన్నారట. ఒకరోజు సింహాద్రి తమ్ముడు పనిమీద మద్దిలపాలెం వచ్చి షెడ్డులో తొంగిచూశాడు. "మా అన్నియ్య నిన్ను బాధపడొద్దని సెప్పమన్నాడు. బండి మంచిదే, నాకే నడపడం రానేదని సెప్పమన్నాడు" అన్నాడు.

ఆ మర్నాడు బస్సెక్కాను.

చెప్పిన రోజు

వాళ్ళది పెంకుటిల్లు. వసారాలో చెక్కబల్ల మీద పరుపు వేసి పడుకోబెట్టారు. పదిగంటల ఎండ కాళ్ళ మీద పడుతోంది, ఆ వేడి అతనికి తెలియడం లేదు. సగమైపోయాడు. నూకరత్నం అతన్ని పక్కకి తిప్పి వీపు తుడుస్తోంది. వీపు కింద అప్పటికే పుళ్ళు పడ్డాయి.

"వచ్చినావా బావా. ఇన్నాళ్ళేటి?" అన్నాడు.

నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"సింహాద్రీ, పిస్టన్ పట్టనేదు. నాను ఇప్పి సూసినాను. నువ్వు దిగినప్పుడు ఏ తప్పూ సేయనేదు. మెడ దగ్గర ఫ్రేము ఇరిగింది. అది ముందే ఇరిగితే ఎవడో అతికించి రంగేసినాడు. ట్యాంకిప్పితే కనపడేది. ఆరోజు వానని, నాను ఇప్పనేదు. ఇప్పకండానే నీకు తీసుకోమని సెప్పీసినాను."

నూకరత్నం చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"ఎప్పుడు తెలిసినాది నీకు?"

"బండి షెడ్డుకొచ్చిన రోజే."

"అది రెండు నెల్లు."

"అవును."

ఆమె అరవలేదు. గుడ్డని బకెట్లో వేసి, తడిచేతులతో అలాగే నిలబడింది. "రెండు నెల్ల నుంచీ ఈయన్ని తిడతన్నాను. గేసివ్వమని మేస్త్రి సెప్పినాడు కదా, ఎందుకియ్యనేదూ, నా బతుకు ఇలగెందుకు సేసినావూ అని. కూడు పెడతా తిట్టినాను. ఒళ్ళు తుడస్తా తిట్టినాను. తిట్టినప్పుడల్లా మాటాడకండా పడుండీవోడు. నువ్వు ఆరోజే వచ్చి సెప్పుంటే నాను ఆ మాటలు అననుగదా. ఇప్పుడా మాటలెక్కడికి తీసుకెల్లి పారీమంటావు?"

అంతవరకూ అన్నియ్యా అన్న మనిషి, ఆ రోజు నుంచి నన్ను ఏ వరసతోనూ పిలవలేదు.

సింహాద్రి చూరు వైపు చూస్తున్నాడు. "అయితే నాను గేసిచ్చినాను" అన్నాడు. నన్ను అడిగినట్టు లేదు. "ఇచ్చినాను బావా. నాకు గుర్తుంది. గెడ్డ ముందు మలుపులో రెండుసార్లు ఇచ్చినాను. సెప్తే ఒక్కడూ నమ్మనేదు. ఆఖరికి నాకే నమ్మకం పోనాది. ఇయ్యనేదేమోలే అనుకున్నాను."

కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తలేదు.

"ఇంకోపాలి సెప్పు" అన్నాడు. "మాయమ్మ పెరట్లో ఉంది. పిలిచి సెప్పు."

వాళ్ళమ్మ వచ్చింది, చెప్పాను. తర్వాత తమ్ముణ్ని పిలిపించాడు, చెప్పాను. పక్కింటాయన్ని పిలిపించాడు. అవతల వీధిలో మామని పిలిపించాడు. ఎవరు వచ్చినా, "బావా, ఆలకీ సెప్పు" అన్నాడు. ట్యాంకు విప్పలేదని, చూడకుండా చెప్పానని, తెలిసి రెండు నెలలు నోరు మూసుకున్నానని ఆరోజు ఆ వసారాలో ఏడుసార్లు చెప్పాను. ఎవరూ చెయ్యి చేసుకోలేదు. మామ మాత్రం నా కాళ్ళ దగ్గర ఉమ్మి వెళ్ళిపోయాడు. ప్రతిసారీ సింహాద్రి వినేవాడు, మొదటిసారి వింటున్నట్టు. ఏడోసారి అయ్యాక కళ్ళు మూసుకుని, "సాల్లే" అన్నాడు.

నేను వస్తుంటే మళ్ళీ పిలిచాడు. "ఆ బండి ఏటి సేసినావ్?"

"షెడ్డులోనే ఉంది."

"అతికించి ఇంకోడికి అమ్మీకు బావా."

మర్నాడు రంపంతో ఫ్రేముని నాలుగు ముక్కలు కోశాను.

తర్వాత

అతను మరుసటి వానాకాలం దాకా బతికాడు. పుళ్ళు మానలేదు, మూత్రంలో విషం చేరింది. నేను నెలకోసారి వెళ్ళేవాడిని. బండి సంగతి మళ్ళీ ఎత్తలేదు. కొండ మీద గూడేల పేర్లు చెబుతూ, ఎక్కడ దారి ఎలా ఉంటుందో చెప్పేవాడు. ఆ పనిలోకి కొత్తగా వచ్చినతను కూడా ఒకసారి వచ్చి అతని పక్కన కూర్చుని దారులన్నీ కాగితం మీద రాసుకున్నాడు.

షెడ్డుకి వచ్చేవాళ్ళకి నేనే చెప్పాను, ఇలా జరిగిందని. కొందరు రావడం మానేశారు. న్యాయమే. మిగిలినవాళ్ళ బండి చూసేటప్పుడు ఏం చూశానో, ఏం చూడలేదో రెండూ విడివిడిగా చెప్పేవాడిని. "ఇంజను చూశాను, బాగుంది. గేర్‌బాక్సు విప్పలేదు, తెలియదు." అమ్మేవాళ్ళకి అది నచ్చేది కాదు. కొనేవాళ్ళలో కూడా చాలామందికి నచ్చేది కాదు, ఒక్క మాట చెప్పమనేవారు. ఒక్క మాట చెప్పమని మిమ్మల్నీ అడుగుతారు. చెప్పకండి.

మీరూ తప్పు చేస్తారు. ఇనుముతో పనిచేసేవాడు తప్పకుండా చేస్తాడు. నా మొదటి తప్పు అరగంట పనికి బద్ధకించడం. దానికి ఒక మనిషి నడుం పోయింది. నా రెండో తప్పు నోరు విప్పకపోవడం. దానివల్ల ఆ మనిషి తన జ్ఞాపకాన్ని తనే అనుమానిస్తూ రెండు నెలలు పడుకున్నాడు. ఏది పెద్దదని నన్నడిగితే, రెండోదే అంటాను. మొదటిది చేసినప్పుడు నాకు పూర్తిగా తెలియదు. రెండోది ప్రతిరోజూ తెలిసే చేశాను.

నూకరత్నానికి చోడవరంలో ఒక హాస్టల్లో వంటపని దొరికింది. సింహాద్రి పోయాక కూడా నేను రెండుమూడు సార్లు వెళ్ళాను. పిల్లకి గౌనో, ఇంట్లోకి బియ్యమో పట్టుకెళ్ళేవాడిని. తీసుకునేది. చివరిసారి వెళ్ళినప్పుడు హాస్టల్ గేటు దగ్గరే ఆపింది. చేతికి పిండి ఉంది, కొంగుతో తుడుచుకుంది.

"ఇంక రాకు" అంది. "నీ మీద కోపమని కాదు. కోపం ఎప్పుడో పోనాది. నువ్వొచ్చి ఎల్లిన రోజు నాకు పని సాగదు. పిల్లని కసురుకుంటాను. పదిమందికి ఒండాల నాను."

సరేనన్నాను. తెచ్చిన సంచి ఆమె తీసుకుంది. గేటు వేసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ తర్వాత వెళ్ళలేదు. చోడవరం వైపు బండి చూడ్డానికి రమ్మని ఎవరైనా పిలిస్తే వేరే మేస్త్రిని పంపేవాడిని.